పాత కాలపు నీటి నేర్పు, మారుతున్న వానలు: తరచుగా అడిగే ప్రశ్నలు

వాతావరణమే మారిపోతుంటే, ఎప్పటివో పాత పద్ధతులు ఇప్పుడు దేనికి పనికొస్తాయి?

ఈ అనుమానం న్యాయమైనదే. పాతవాళ్లు చూసిన వానలు వేరు, ఇప్పటి వానలు వేరు. వాళ్లు కట్టినదాన్ని కొలతలతో సహా దించేసుకుంటే దెబ్బ తింటాం.

అయితే ఏ పాత నీటి వ్యవస్థలోనైనా కంటికి కనిపించే భాగం ఒకటి ఉంటుంది: కట్ట, కాలువ, తూము, బావి. కనిపించని భాగం ఇంకొకటి ఉంటుంది: నీళ్లు తక్కువైన ఏడాది ఎవరు ఎంత వదులుకోవాలి, పూడిక ఎవరు తీయాలి, తగువొస్తే ఎవరు తీర్చాలి అనే కట్టుబాటు. మనం ఫొటోలు తీసుకునేది మొదటిదాన్ని. ఇప్పుడు ఎక్కువ అక్కరకొచ్చేది మాత్రం రెండోదే అని నా అభిప్రాయం. కింది జవాబుల్లో చాలావరకు అటువైపే మొగ్గు కనిపిస్తుంది, ముందే చెప్పేస్తున్నాను.

ఇంతకీ వాతావరణ మార్పు నీటిని ఏం చేస్తోంది?

గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. అందుకే పడినప్పుడు వాన కుండపోతగా పడుతోంది. వానకూ వానకూ మధ్య రోజుల్లో ఆ వేడిగాలే మట్టిలోని తడిని త్వరగా పీల్చేస్తోంది. కొండల మీది మంచు ముందే కరిగి, వేసవి చివర్లో రావలసిన నీళ్లు ముందుగానే పోతున్నాయి. సముద్రం పెరిగి తీరప్రాంతపు బావుల్లోకి ఉప్పు చేరుతోంది. ఏడాది మొత్తం వాన పెద్దగా మారని చోట కూడా అది వచ్చే తీరు మారుతోంది. నాలుగు రోజుల్లో వచ్చి పడ్డ నీళ్లను నెలల తరబడి ఎలా వాడుకోవాలన్నది పాతవాళ్లకూ ఉన్న చిక్కే. వాళ్ల పద్ధతుల్లో చాలా భాగం పుట్టిందే దాని కోసం.

కరువు ఏడాది ఉన్న కాసిన్ని నీళ్లను ఎలా పంచుకునేవారు?

శ్రీలంక పొడి ప్రాంతంలో చెరువుల కింద 'బెత్మ' అనే ఆనవాయితీ ఉంది. చెరువు నిండని ఏడాది ఆయకట్టు అంతా నాట్లు వేయరు. కట్టకు దగ్గరున్న పొలాలను మాత్రమే సాగుకు తీసుకుని, ఆ ఒక్క పంటకాలానికి వాటిని ఆయకట్టు రైతులందరికీ పంచుతారు. అంటే చెరువు కిందే పొలం ఉన్నవాడు తన భూమిలో కొంత తాత్కాలికంగా చివరి పొలంవాడికి ఇస్తాడు. అందరికీ కొద్దో గొప్పో పంట దక్కుతుంది. పైగా కాలువ కొసదాకా పారించే పని లేదు కాబట్టి దారిలో ఇంకిపోయే నీళ్లు మిగులుతాయి. ఇది దయాదాక్షిణ్యాల వ్యవహారం కాదు. ఈ ఏడాది నువ్వు ఇస్తే, నీకు అవసరమైన ఏడాది ఊరంతా నీ వెంట ఉంటుందన్న లెక్క.

ఒమన్‌లో 'ఫలజ్' కాలువల కింద ఇంకో తెలివి చూడొచ్చు. అక్కడ వాటాను నీటి పరిమాణంతో కాక సమయంతో కొలిచారు. పగలు నీడను బట్టి, రాత్రి నక్షత్రాలను బట్టి వంతు మారేది. దీనిలో లాభం ఏమిటంటే, ఊట తగ్గితే అందరి వాటా దానంతట అదే సమానంగా తగ్గుతుంది. ఇన్ని ఘనపుటడుగులు నాకు రావాలి అని అంకె రాసుకున్న చోట నీళ్లు తగ్గగానే కోర్టు కేసులు మొదలవుతాయి. మంచి వానలున్న ఏళ్ల లెక్కలతో నదీజలాలను అంకెల్లో పంచుకున్న చోట్ల ఇదే గొడవ.

స్పెయిన్‌లోని వాలెన్సియాలో ప్రతి గురువారం మధ్యాహ్నం పెద్ద చర్చి ద్వారం ముందు నీటి న్యాయస్థానం కూర్చుంటుంది. కాలువల కింది రైతులు ఎన్నుకున్నవాళ్లే తీర్పరులు. వకీళ్లు లేరు, ఫైళ్లు లేవు, అంతా నోటిమాట, తీర్పు అక్కడికక్కడే. యునెస్కో 2009లో దీన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. పొలం ఎండుతున్నప్పుడు ఆరేళ్ల తర్వాత వచ్చే న్యాయం దేనికీ పనికిరాదు కదా.

వరదను అడ్డుకోవాలా, దారి ఇవ్వాలా?

చైనాలో మిన్ నది మీద క్రీ.పూ. 256 ప్రాంతంలో లీ బింగ్ అనే అధికారి మొదలుపెట్టించిన దుజియాంగ్యాన్‌లో ఆనకట్టే లేదు. నది మధ్యలో చేప నోరు ఆకారంలో ఒక గట్టు కట్టి ప్రవాహాన్ని రెండుగా చీల్చారు. లోపలి పాయ ఇరుకైనది, లోతైనది. పొలాలకు వెళ్లేది అదే. బయటి పాయ వెడల్పైనది. నీళ్లు తక్కువున్నప్పుడు ఎక్కువ వాటా లోతైన లోపలి పాయకే పోతుంది. వరద వచ్చి మట్టం పెరిగితే వెడల్పైన బయటి పాయే ఎక్కువ మోసుకుపోతుంది. ఆ పాత ఏర్పాటులో తలుపులు లేవు, నీళ్లు చీల్చడానికి మనిషి చేయి పెట్టనక్కర్లేదు. అప్పటికీ లోపలికి ఎక్కువ వస్తే, తక్కువ ఎత్తున్న ఒక అలుగు మీదుగా ఆ నీళ్లూ ఇసుకా మళ్లీ బయటి పాయలో పడతాయి. 2,200 ఏళ్లు దాటినా చెంగ్డూ మైదానం ఆ నీళ్లతోనే పండుతోంది. అక్కడ తరాలుగా చెప్పుకునే సూత్రం ఒకటుంది: అడుగు లోతుగా తవ్వు, అలుగు తక్కువ ఎత్తులో కట్టు. మనం ఇప్పుడు చేస్తున్నది చాలాచోట్ల దీనికి సరిగ్గా తలకిందులు. అడుగు పూడనిస్తాం, గట్టు ఎత్తు పెంచుతాం.

నెదర్లాండ్స్ కథ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కరకట్టలు కట్టడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. కానీ 1993లో, 1995లో నదులు పొంగినప్పుడు వాళ్లకు కూడా భయం పట్టుకుంది. 1995లో సుమారు 2,50,000 మందిని ఇళ్లు ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఆ తర్వాత కట్టలు ఇంకా ఎత్తు చేయడంతో సరిపెట్టుకోకుండా 'నదికి చోటు' అనే పథకం పెట్టి, కొన్నిచోట్ల కట్టలను వెనక్కి జరిపారు, కొన్నిచోట్ల దించారు. ఓవర్‌డీప్సే అనే చోట రైతులు మట్టి దిబ్బలు పోయించుకుని, వాటి మీద కొత్తగా ఇళ్లూ కొట్టాలూ కట్టుకున్నారు. పెద్ద వరద వస్తే పొలాలు మునుగుతాయి, ఇళ్లు మునగవు. కరకట్టలు పుట్టకముందు ఆ దేశపు ఉత్తర తీరంలో జనం బతికింది ఇలాంటి దిబ్బల మీదే.

నిల్వకు పెద్ద డ్యామ్ ఒకటి ఉంటే చాలదా?

కొన్నిచోట్ల డ్యామ్ లేనిదే గడవదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఒకే చోట నిల్వ అంటే ఒకే చోట ప్రమాదం కూడా.

దక్కనులో కాకతీయుల కాలం నాటి గొలుసుకట్టు చెరువుల పద్ధతి వేరు. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువుకు, అది నిండితే ఇంకా కిందికి. పాకాల, రామప్ప, లక్నవరం లాంటి పెద్దవాటితో పాటు లెక్కలేనన్ని చిన్నవి. కుండపోత వాన పడితే ప్రతి చెరువూ కొంత పట్టి ఉంచి వరద జోరు తగ్గిస్తుంది. ఎండాకాలంలో ప్రతిదీ తన చుట్టూ బావులకు ఊట ఇస్తుంది. ఈ గొలుసుకు బలహీనత కూడా ఉంది. పై కట్ట తెగితే కింద ఉన్నవన్నీ వరసగా తెగే ప్రమాదముంది. మధ్యలో ఒక చెరువును పూడ్చి ప్లాట్లు వేస్తే, పైనుంచి వచ్చే నీటికి తెలిసిన దారి అదొక్కటే కాబట్టి నేరుగా ఇళ్లలోకే వస్తుంది.

శ్రీలంక చెరువుల గొలుసుల్లో ఇంకొన్ని వివరాలు ముచ్చటగా ఉంటాయి. చెరువు పైభాగాన గాలి తాకిడిని, ఆవిరిని తగ్గించే చెట్ల పట్టీ, ఒండ్రును ఆపే గడ్డి పట్టీ, కట్ట వెనక పొలాల్లోకి ఉప్పు పోకుండా పీల్చుకునే మొక్కల పట్టీ. పునరుద్ధరణ పేరుతో ముందుగా నరికేసేవి ఇవే. అవి చెరువులో భాగమని ఎవరూ చెప్పకపోవడం వల్ల.

అసలు నిల్వ అనగానే కంటికి కనిపించే నీళ్లే ఎందుకు గుర్తు రావాలి? పెరూలో ఇంకాల కంటే ముందు నుంచే 'అమునా' అనే కాలువలున్నాయి. వానాకాలంలో వాగు నీటిని కొండవాలు మీదికి మళ్లించి, రాళ్ల సందుల్లో ఇంకనిస్తారు. ఆ నీళ్లు కొండ లోపల మెల్లగా నడిచి కింద ఊటలుగా బయటపడతాయి. ఉవామంటాంగా అనే ఊళ్లో రంగునీళ్లు వదిలి కొలిచిన పరిశోధకులు 2019లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఇంకిన నీళ్లు బయటికి రావడానికి సగటున 45 రోజులు పట్టింది. వానాకాలపు నీళ్లు ఎండాకాలం మొదట్లో చేతికందుతాయన్నమాట, అదీ ఆవిరి నష్టం లేకుండా. మంచు కొండలు కరిగిపోతున్న చోట ఇది చిన్న సంగతి కాదు. దాహంతో ఉన్న రాజధాని లీమా మహానగరం ఇప్పుడు ఈ పాత కాలువల మరమ్మతు వైపు చూస్తోంది.

దాదాపు వానే లేని చోట?

ఏడాదికి సుమారు 100 మిల్లీమీటర్ల వాన పడే ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో పురాతన అరబ్బు జాతివాళ్లైన నబతీయులు, ఆ తర్వాతి వాళ్లు వ్యవసాయం చేశారు. కిటుకు ఏమిటంటే, ఒక ఎకరం పంటకు ఇరవై ముప్పై ఎకరాల కొండవాలు మీద పడ్డ వానను చిన్న చిన్న కాలువలతో మళ్లించేవారు. 1950ల చివర్లో మైకేల్ ఎవెనారి అనే వృక్షశాస్త్రవేత్త బృందం ఆ పాడుపడిన పొలాలను బాగుచేసి, బయటి నీళ్లు లేకుండానే పండించి చూపింది. జనం తక్కువ, భూమి ఎక్కువ ఉన్న చోటే ఇది నడుస్తుంది.

ఖనాత్ అంటే ఏమిటి? అవెందుకు ఎండిపోతున్నాయి?

కొండ అడుగున భూగర్భజలం దొరికే చోట ఒక తల్లి బావి తవ్వి, అక్కడి నుంచి ఊరి దాకా నేల లోపలే కొద్దిపాటి వాలుతో సొరంగం తవ్వుకొస్తారు. మధ్యమధ్యలో మట్టి తోడడానికి, గాలికి బావులు. నీళ్లు తమ బరువుకు తామే నడిచి ఊళ్లో బయటపడతాయి. ఇరాన్‌లో పుట్టి పెరిగిన ఈ విద్య పడమట మొరాకో దాకా వెళ్లింది. ఇరాన్‌లోని 11 ఖనాత్‌లను యునెస్కో 2016లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఖనాత్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది దానికున్న హద్దు. నీటిమట్టం తగ్గితే ఊట దానంతటదే తగ్గుతుంది, భూమి ఇచ్చినంతకు మించి లాగలేదు. మోటారుకు ఆ హద్దు లేదు. మట్టం ఎంత దిగితే అంత లోతుకు పైపు దించుతుంది. పక్కన నాలుగు లోతైన బోర్లు పడ్డాయంటే ఖనాత్ ఎండిపోయినట్టే. అప్పుడు దాన్ని శుభ్రం చేసే పనివాళ్లు వేరే పని చూసుకుంటారు, సొరంగం కూలుతుంది. ఖనాత్‌ను బతికించాలంటే తవ్వాల్సింది సొరంగాన్ని కాదు, ముందు బోర్లకు ఒక లెక్క పెట్టాలి. అదే కష్టమైన పని, అందుకే అందరూ సొరంగం దగ్గరే ఫొటో దిగుతారు.

చెరువు కట్టే విద్యను పాతవాళ్లు ఎక్కడైనా రాసి పెట్టారా?

పెట్టారు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గరి 1369 నాటి శాసనం అందుకు మంచి సాక్ష్యం. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలను, చెరువుకు రాకూడని 6 దోషాలను కూడా చెక్కించారు. అంగాల్లో కట్టించే రాజు గుణం మొదలుకొని నీటి శాస్త్రం తెలిసిన మనిషి, గట్టి నేల, దూరం నుంచి నీళ్లు తెచ్చే నది, పనివాళ్ల గుంపు దాకా ఉన్నాయి.

దోషాలు ఇంకా ఆసక్తిగా ఉంటాయి. కట్ట నుంచి నీళ్లు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు మధ్యలో మిట్ట, నీళ్లు తక్కువై భూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీళ్లు ఎక్కువ కావడం. సరిహద్దును కూడా ఇంజినీరింగ్ లోపంగా లెక్కేసిన ఆ బుర్రకు దండం పెట్టాలి. రాష్ట్రాల మధ్య, దేశాల మధ్య నీటి తగాదాలు చూస్తుంటే ఆ మూడో దోషం పాతబడలేదని తెలుస్తుంది. చివరి రెండు దోషాలేమో వాన తీరు మారినప్పుడు ప్రతి చెరువుకూ కొత్తగా వచ్చిపడేవి. ఒకప్పుడు సరిపోయిన అలుగు ఇప్పటి కుండపోతకు చాలదు. ఒకప్పుడు సరిపోయిన ఆయకట్టు ఇప్పటి ఎండకు ఎక్కువైపోతుంది.

అంత గొప్పవైతే అవెందుకు కూలిపోయాయి?

కూలినవి కూలాయి, దాచాల్సిన పని లేదు. కంబోడియా పాత రాజధాని ఆంకోర్‌లో పశ్చిమ బారాయ్ అనే జలాశయం ఒక్కటే సుమారు 8 కిలోమీటర్ల పొడవు, 2 కిలోమీటర్లకు పైగా వెడల్పు. వందల ఏళ్లు కాలువలు, గట్లు కలుపుకుంటూ పోయారు. 14, 15 శతాబ్దాల్లో దశాబ్దాల కరువులు, వాటి మధ్య విపరీతమైన వానలు వచ్చాయని వియత్నాం అడవుల్లోని చెట్ల మానుల్లో ఏటేటా ఏర్పడ్డ వలయాలు చెబుతున్నాయి. కరువుకు తగ్గట్టు సర్దుకుంటుండగానే వరద కాలువలను కోసేసింది, ఇసుకతో నింపేసింది. ఒకదానికొకటి ముడిపడిన వ్యవస్థ కాబట్టి ఒకచోటి దెబ్బ మిగతా చోట్లకు పాకింది. ఆంకోర్ పతనానికి యుద్ధాలు, వ్యాపార మార్పులు కూడా కారణాలే, కానీ నీళ్ల పాత్ర తక్కువేమీ కాదు.

యెమెన్‌లోని మారిబ్ ఆనకట్ట వెయ్యేళ్లకు పైగా పనిచేసింది. ఒండ్రు పేరుకునే కొద్దీ గట్టు ఎత్తు పెంచుతూ వచ్చారు. తెగడం, మళ్లీ కట్టడం చాలాసార్లు జరిగింది. క్రీ.శ. 6వ శతాబ్దంలో చివరిసారి తెగినప్పుడు మళ్లీ కట్టే శక్తి అక్కడి రాజ్యానికి మిగల్లేదు.

పాత పద్ధతుల్లో అన్యాయం లేదా?

ఉంది, చాలా ఉంది. చాలా కట్టడాల వెనక వెట్టి ఉంది. బావి దగ్గరికి ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు అని కులం నిర్ణయించిన చరిత్ర మనది. పూడిక తీసే చేతులు ఒకరివి, ఆయకట్టు పొలాలు ఇంకొకరివి. నీళ్లు మోసిన ఆడవాళ్లకు నీటి పంచాయతీలో చోటు లేదు. 'మన పూర్వీకుల జ్ఞానం' అని మురిసిపోయే వ్యాసాలు ఈ పేరా దగ్గరికి రాకుండానే ముగుస్తాయి. పాత కట్టుబాటును తిరిగి తెస్తామంటే, ఎవరి కష్టం మీద అది నిలబడిందో అడగాల్సిందే.

బాగుచేసినవి మళ్లీ ఎందుకు పాడవుతాయి?

పెరూ, బొలీవియా సరిహద్దులోని టిటికాకా సరస్సు చుట్టూ పూర్వం వరు వరు అనే ఎత్తు మడుల సాగు ఉండేది. మడుల మధ్య కాలువల్లోని నీళ్లు పగటి వేడిని దాచుకుని రాత్రి మంచు దెబ్బ నుంచి పైరును కాచేవి. 1980లలో పరిశోధకులు, సహాయ సంస్థలు వాటిని తిరిగి తవ్వించారు, దిగుబడులూ బాగా వచ్చాయి. డబ్బు ఆగిపోయాక చాలా మడులను వదిలేశారు. అంత చాకిరీ చేయడానికి జనం ఊళ్లలో లేరు. ప్రదర్శన కోసం కట్టినది ప్రదర్శనతోనే ఆగుతుంది.

దీనికి ఎదురుగా రాజస్థాన్‌లోని అల్వార్ జిల్లాను పెట్టి చూడండి. అక్కడ 1985 నుంచి తరుణ్ భారత్ సంఘ్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి ఊళ్లవాళ్లు జొహడ్‌లనే మట్టి కుంటలను తమ శ్రమ వాటా కలిపి కట్టుకున్నారు. ఎండిపోయిన అర్వరి నది మళ్లీ పారింది. తర్వాత ఆ నది నీళ్ల వాడకం మీద నిబంధనలు పెట్టుకోవడానికి ఊళ్లన్నీ కలిసి ఒక నదీ పార్లమెంటు పెట్టుకున్నాయి. కుంట తవ్వాక నియమం పుట్టింది కాబట్టే ఆ నీళ్లు నిలబడ్డాయి.

పాత లెక్కలు, గుర్తులు ఇప్పుడు ఉపయోగపడతాయా?

ఉపయోగపడతాయి. మన కొలమానాల రికార్డులు చాలాచోట్ల వందా నూటయాభై ఏళ్లకు మించవు. అంతకు ముందటి సంగతి చెప్పేవి పాత గుర్తులే. నైలు నది మట్టాన్ని కొలవడానికి కైరోలోని రోడా దీవిలో 861లో కట్టిన కొలబావి ఇప్పటికీ ఉంది. ఆ మట్టాన్ని చూసే ఆ ఏటి పంట, పన్ను అంచనా వేసేవారు. ఐరోపాలోని ఎల్బే నదిలో ఆకలి రాళ్లున్నాయి, అంటే పాత కరువుల గుర్తులు చెక్కిన రాళ్లు. నీళ్లు బాగా తగ్గితేనే పైకి కనిపిస్తాయి. చెక్ దేశంలోని ఒక రాయి మీద 'నన్ను చూస్తే ఏడువు' అని చెక్కి ఉంది. 2018లో, 2022లో అది మళ్లీ కనిపించింది.

ఆధునిక ఇంజినీర్లు పాతవాళ్ల దగ్గర నిజంగా ఏమైనా నేర్చుకున్నారా?

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్టను 1847 నుంచి 1852 వరకు కట్టించిన ఆర్థర్ కాటన్ అంతకుముందు కావేరి దగ్గర పనిచేశాడు. అక్కడ చోళులు కట్టిన కల్లణై ఆనకట్టను పరిశీలించి, లోతు తెలియని ఇసుకలో పునాది నిలబెట్టడం తమకు నేర్పింది వాళ్లేనని తర్వాత ఒప్పుకుని రాశాడు. ఆ నిజాయితీ అరుదు. ఇండోనేషియాలోని బాలి దీవిలో జరిగింది దీనికి వ్యతిరేకం. అక్కడ సుబక్ అనే రైతు సంఘాలు, నీటి గుళ్లు కలిసి ఎవరు ఎప్పుడు నాటాలో నిర్ణయించేవి. 1970లలో వీలైనన్నిసార్లు నాటండి అని అధికారులు చెప్పడంతో ఆ వరస తప్పింది. నీటి కొరత, దాంతో పాటు పురుగు విజృంభించాయి. అందరూ ఒకేసారి పొలాలు ఖాళీగా ఉంచితే పురుగుకు తిండి దొరకదన్న సంగతి ఆ గుడి పంచాంగంలో దాగి ఉందని తర్వాత తెలిసింది.

ఒక పాత చెరువును బాగుచేయాలంటే ముందుగా ఏం చూడాలి?

చెరువును కాదు, చెరువులోకి నీళ్లు వచ్చే దారిని. వాగులు, కాలువలు రోడ్లతో, గోడలతో మూసుకుపోయి ఉంటే ఎంత పూడిక తీసినా గుంతే మిగులుతుంది. తర్వాత అలుగు: ఇప్పటి పెద్ద వానకు సరిపోతుందో లేదో కొత్త లెక్క వేయించాలి, పాత కొలతను నమ్ముకోకూడదు. ఆ తర్వాత తూము, కట్ట మీద చెట్ల వేర్లు, ఎలుక బొరియలు. శిఖం భూమి (చెరువు నిండితే మునిగే భూమి) హద్దులు రికార్డులో ఒకలా, నేల మీద ఒకలా ఉండడం మామూలే. ఆ తగువు తేలకుండా జేసీబీ దింపితే టెన్షన్ తప్పదు.

పూడిక ఎంత లోతు తీయాలి?

ఎంత తీస్తే అంత మంచిది అనుకోవడం పొరపాటు. తూము అడుగు మట్టం కంటే కిందికి తవ్విన నీళ్లు తూములోంచి పారవు. పశువులకు, చేపలకు, ఊటకు పనికొస్తాయి కానీ ఆయకట్టుకు రావు. కట్ట మొదట్లో తవ్వితే కట్ట కిందనుంచి ఊట దూకే ప్రమాదముంది, అక్కడ కొంత దూరం వదిలేయాలి. తీసిన ఒండ్రును పొలాలకు తోలుకోవడం పాత పద్ధతే. ఫ్యాక్టరీ నీళ్లు, మురుగు కలిసిన చెరువైతే మాత్రం మట్టిని పరీక్ష చేయించాకే పొలంలో వేయాలి. పాతవాళ్లకు ఈ చివరి బాధ లేదు.